తెలిసినవాళ్లు

(విశాఖపట్నంలో స్వచ్ఛంద సేవకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను పోస్టాఫీసు కౌంటరు దగ్గర కూర్చుని రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు. కౌంటరు అవతల మనిషి ఎంతసేపు ఓపిగ్గా నిలబడగలడో మాత్రం తెలుసు.

యుద్ధానికి ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్లను ఇప్పుడు పేపర్లలో శరణార్థులని రాస్తున్నారు. మా చిన్నప్పుడు కాందిశీకులనేవారు. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు పోను' అన్న సంస్కృతం మాటల్లోంచి పుట్టింది. నాకు ఆ పాత మాటే నచ్చుతుంది. శరణార్థి అంటే చెయ్యి చాపినవాడిలా వినిపిస్తుంది. కాందిశీకుడు దారి అడుగుతున్నాడు, అంతే.

మన ఊరు కూడా ఒకసారి ఆ దారి అడిగింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అప్పటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. మూటలు కట్టుకుని పల్లెకు పోతే అక్కడెవరో పశువుల సాల ఖాళీ చేసి ఇచ్చారట. ఆ 'ఎవరో' పేరు అమ్మకు చివరిదాకా గుర్తు రాలేదు. నీళ్లకు ఏ బావికి వెళ్లాలో, ఏ బావి దగ్గరికి వెళ్లకూడదో ఆ ఇంటావిడ మొదటిరోజే చూపించిందని మాత్రం మళ్లీ మళ్లీ చెప్పేది.

అప్పట్లోనే రంగం నుంచి, అంటే బర్మాలోని రంగూన్ నుంచి, మనవాళ్లు నడిచి వచ్చారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అరకాన్ వైపు నుంచీ మణిపూర్ వైపు నుంచీ అడవులూ కొండలూ దాటారు. వేలమంది దారిలోనే పోయారు. రంగం పోవడమంటే మన ఉత్తరాంధ్రలో అదొక బతుకుతెరువు కదా, ఆ నడిచినవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే. రెండో విడతను తరిమింది యుద్ధం కాదు, సర్కారు. 1962లో బర్మాలో నె విన్ అనే సేనాపతి సైన్యంతో గద్దెనెక్కాడు. 1964లో దుకాణాలు జాతీయం చేశారు, 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. కాస్తో కూస్తో కూడబెట్టుకున్నవాళ్లు కట్టుబట్టలతో ఓడ దిగారు. కంచరపాలెంలో మన బర్మా క్యాంపు వాళ్లదే. యుద్ధ బాధితులూ వీళ్లూ ఒకటి కాదని చదువుకున్నవాళ్లు అంటారు. నిజమే. నా కౌంటరు ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ తేడా నాకు కనిపించలేదు.

నేను ఉద్యోగంలో చేరింది 1971లో. ఆ నవంబరులోనే బంగ్లాదేశ్ కాందిశీకుల సహాయార్థం ఉత్తరాల మీద 5 పైసల స్టాంపు అదనంగా అంటించాలని ఆదేశం వచ్చింది. దాదాపు కోటిమంది సరిహద్దు దాటి వచ్చారు మరి. "ఈ ఐదు పైసలెందుకయ్యా?" అని రోజూ తగాదా. బర్మా క్యాంపు నుంచి వచ్చే ఒకావిడ మాత్రం అడిగింది వేరు. "వాళ్లని ఎక్కడ దింపారు బాబూ? దగ్గర్లో నీళ్లున్నాయా?" అంది.

ఆవిడ గురించి ఇంకో సంగతి చెప్పాలి. అది నా తప్పు. ఆవిడ తెలుగు గలగలా మాట్లాడేది కానీ చదవడం రాయడం బర్మా లిపిలోనే వచ్చు. అత్తగారికి నెలనెలా మనియార్డరు పంపేది. ఫారం నేనే నింపేవాణ్ణి. రెండేళ్లు నింపాను, పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాను కూడా. తర్వాత నాకు బదిలీ అయింది. నేను వెళ్లాక ఆవిడ ఫారానికి అర్ధ రూపాయి ఇచ్చి ఎవరిచేతో రాయించుకునేదని తర్వాత తెలిసింది. ఆ వీధిలోనే ఒక టీచరమ్మ సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేది. అక్కడికి పంపాలన్న ఆలోచనే నాకు రాలేదు. నాకు నింపడం సులువు, ఆవిడ నేర్చుకునేదాకా ఆగడం కష్టం.

కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, పిల్లాణ్ణి బళ్లో వేయాలన్నా మనం ముందు అడిగేది ఏమిటి? "అక్కడ మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అని. యుద్ధం మనిషి దగ్గర ఇల్లు, డబ్బు లాక్కుంటుందని అందరూ చెబుతారు. ఈ తెలిసినవాళ్లను కూడా లాక్కుంటుంది. బియ్యం, దుప్పట్లు సర్కారూ, ఐక్యరాజ్యసమితీ ఇవ్వొచ్చు. తెలిసినవాళ్లను లారీలో తెచ్చి దించడం ఏ సర్కారు వల్లా కాదు.

వచ్చినవాళ్లకు తెలిసినవాళ్లుగా నిలబడటాన్ని ఒక పద్ధతిగా పెట్టుకున్న దేశం కెనడా. 1979లో వియత్నాం నుంచి పడవల్లో పారిపోయినవాళ్ల కోసం మొదలుపెట్టారు. ఐదుగురు మామూలు మనుషులు జట్టుకట్టి ఒక కుటుంబాన్ని పిలిపించుకోగలిగేవారు; 2024 నవంబరులో అలాంటి జట్ల కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపారు. ఏడాదిపాటు ఖర్చూ బాధ్యతా వాళ్లవే. 2016లో మా అన్నయ్య కూతురు అలాంటి జట్టులో చేరింది. వచ్చింది సిరియా కుటుంబం, భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ. జట్టువాళ్లు వంటిల్లు నింపేశారట: బ్రెడ్డు, జామ్, కార్న్‌ఫ్లేక్స్, ముద్దుముద్దుగా నాలుగు చిన్న గిన్నెలు. ఆ తల్లి అంతా చూసి థాంక్స్ చెప్పి, చేతులతో ఇంత అని చూపించి ఒక పెద్ద డేగిశా అడిగింది. పదిమందికి వండలేని ఇల్లు ఆవిడ దృష్టిలో ఇల్లే కాదు.

మా అన్నయ్య కూతురు మూడు నెలలు వాళ్లను కారులో తిప్పింది. ఒకరోజు ఆ ఇంటాయన, "డాక్టరుకు ఫోను నేను చేస్తాను, నువ్వు పక్కన కూర్చో" అన్నాడట. "చిన్నాన్నా, నేను చేస్తే రెండు నిమిషాల పని, ఆయన ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాడు, నోరు మూసుకుని కూర్చోలేక చచ్చాను" అని నాతో చెప్పింది. నాకు వెంటనే మనియార్డరు ఫారాలు గుర్తొచ్చాయి. అక్కడివాళ్లు పదమూడో నెల అని ఒక మాట అంటారట, ఏడాది గడువు తీరాక వచ్చే మొదటి నెల. బస్సు ఎక్కడం, బిల్లు కట్టడం, గొడవొస్తే ఎవరితో మాట్లాడాలో తెలియడం, ఇవన్నీ ఆ నెలకు వాళ్ల చేతికి రావాలి. అందుకే ఆ ఫోను తర్వాత మా అమ్మాయి కారు మానేసి వాళ్లతో బస్సెక్కడం మొదలుపెట్టింది.

శరణార్థుల మీద 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు. కెనడా పద్ధతి ఇక్కడ కుదరదు. కానీ అరుగు మీద టీచరమ్మకు ఏ ఒప్పందమూ అడ్డు రాలేదు.

నా మాట అయిపోయింది. వెనక వరసలో బర్మా క్యాంపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ముగ్గురున్నారు. ప్రశ్నలు నన్ను అడిగే ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. నేను చెప్పినదాంట్లో తప్పులుంటే దిద్దాల్సింది వాళ్లే.