అమ్మ చెయ్యి పెట్టకూడని పోటీ

అందరికీ నమస్కారం.

మా అబ్బాయిని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నామని తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే. "చదువు సరే, నలుగురితో కలిసి పనిచేయడం వాడికెలా వస్తుంది?" మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట. ఆవిడ అడగడంలో తప్పు లేదు, నాకూ అదే బెంగ ఉండేది. ఆ బెంగ తీర్చింది ఒక పోటీ. పేరు ఒడిస్సీ ఆఫ్ ది మైండ్. పిల్లలు టీమ్‌గా కలిసి ఒక సమస్యకి సొంతంగా పరిష్కారం కనిపెట్టే పోటీ ఇది. అందులో ఉన్న ఒక్క రూల్ గురించే ఈరోజు ఎక్కువ మాట్లాడతాను. ఎందుకంటే ఆ రూల్ పిల్లల కంటే నన్ను ఎక్కువ మార్చింది.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీలో. పోటీ పుట్టింది కూడా ఇక్కడే. గ్లాస్‌బరో స్టేట్ కాలేజీ, అంటే ఇప్పటి రోవన్ యూనివర్సిటీ, అక్కడ శామ్యూల్ మిక్లస్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. చక్రాలు లేని బండి చేసుకురండి, నీళ్లు దాటించే తెప్ప కట్టండి అని విద్యార్థులకి పనులిచ్చేవారు. మార్కులేసేటప్పుడు బండి కదిలిందా, తెప్ప ఒడ్డుకి చేరిందా అన్నదానికంటే ఆలోచనలో ఎంత కొత్తదనం ఉంది, ఎంత తెగించి ప్రయత్నించారు అని చూసేవారు. బడి పిల్లలకి కూడా ఇలాంటిది పెడదామని 1978లో 28 స్కూళ్లతో మొదటి పోటీ జరిపారు. మొదట్లో దీని పేరు ఒలింపిక్స్ ఆఫ్ ది మైండ్. ఒలింపిక్స్ అన్న మాట మీద అభ్యంతరం వచ్చాక ఒడిస్సీ అని మార్చారు. 1999లో దీన్నుంచి వేరుపడి డెస్టినేషన్ ఇమాజినేషన్ అని ఇంకో పోటీ మొదలైంది. అదీ ఇదే దారిలో నడుస్తుంది.

ఇక పోటీ ఎలా ఉంటుందో చూద్దాం. టీమ్‌లో ఏడుగురి దాకా ఉండొచ్చు. సీజన్ మొదట్లో ఒక పెద్ద సమస్య ఎంచుకుంటారు. నెలల తరబడి దాని మీద పనిచేసి, పోటీ రోజున ఎనిమిది నిమిషాల్లో చూపించాలి. సామాన్లు సర్దుకోవడం కూడా ఆ ఎనిమిది నిమిషాల్లోనే. ఏ సమస్య తీసుకున్నా నాటకం తప్పదు: కథ, మాటలు, వేషాలు, తెరలు అన్నీ పిల్లలే. ఈ పెద్ద సమస్యకి 200 పాయింట్లు, చూపించిన తీరుకి 50, అప్పటికప్పుడు ఇచ్చే చిన్న సమస్యకి 100. ఖర్చుకీ పరిమితి ఉంది. ప్రదర్శనలో వాడిన వస్తువులకి పాతసామాను లెక్కన విలువ కట్టి కాగితం మీద రాసివ్వాలి. డబ్బున్న టీమ్ గెలిచేస్తుందేమో అన్న భయం అక్కర్లేదు. మా వాళ్లయితే సగం సరుకు పారేసే అట్టపెట్టెల్లోంచే తీశారు.

ఇంట్లో చదివించేవాళ్లకి ఇందులో చోటుందా? ఉంది. అమెరికాలో 1993 నాటికే యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. ఈ పోటీలో సభ్యత్వం బడి పేరు మీదే ఉండాలని లేదు. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక గ్రూపుగా చేరొచ్చు. మన పిల్లలది ఏ తరగతో చెప్పడం కష్టం కదా, లెక్కల్లో ఏడులో ఉంటాడు, ఇంగ్లీషులో అయిదులో ఉంటాడు. ఇక్కడ వయసు లెక్క కూడా ఉంది. మే 1 నాటికి పన్నెండేళ్లు నిండకపోతే ఒక విభాగం, పదిహేను నిండకపోతే ఇంకో విభాగం. టీమ్ పిల్లల్లో అందరికంటే పెద్ద వయసున్నవాళ్లని బట్టి విభాగం తేలుతుంది. ఇంకో సంగతి ముందే తెలుసుకోండి: ప్రతి టీమ్ తరఫున ఒక పెద్దవాళ్లు జడ్జిగా పనిచేయాలి. మాకు మా ఆయన ఒప్పుకున్నారు, శిక్షణకి వెళ్లి మరీ చేశారు.

ఇప్పుడు ఆ రూల్. బయటి సాయం ఉండకూడదు. బయటివాళ్లు అంటే టీమ్‌లో లేని ప్రతి ఒక్కరూ, అంటే అమ్మానాన్నలు, కోచ్ కూడా. ఆలోచన ఇవ్వకూడదు, మేకు కొట్టకూడదు, వేషం కుట్టకూడదు, పోటీ రోజున జడ కూడా వేయకూడదు. రంపం ఎలా పట్టుకోవాలో నేర్పొచ్చు, ఎక్కడ కోయాలో చెప్పకూడదు. ఎవరైనా సాయం చేసి ఉంటే పిల్లలే కాగితం మీద రాసి ఒప్పుకోవాలి, దానికి పాయింట్లు కోస్తారు.

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ హోమ్‌స్కూల్ ఇంట్లో అమ్మే టీచరు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వాడు రాసే ప్రతి లెక్కా నా కళ్ల ముందే. తప్పు పడుతుందని తెలియగానే నా వేలు ఆ అంకె మీదకి వెళ్లిపోతుంది. మన పిల్లలు ఇక్కడ స్పెల్లింగ్ బీల్లో, అంటే ఇంగ్లీషు మాటల స్పెల్లింగ్ చెప్పే పోటీల్లో, ఎంత పేరు తెచ్చుకున్నారో మీకు తెలుసు. 1997లో జాతీయ స్పెల్లింగ్ బీ గెలిచిన రెబెకా సీల్‌ఫన్ ఇంట్లో చదువుకున్న అమ్మాయే. ఆ పోటీలంటే నాకు చాలా గౌరవం. ఆ తయారీలో అమ్మ పక్కన కూర్చుని మాట అడగొచ్చు, తప్పు దిద్దొచ్చు. అది నాకు వచ్చిన పని. ఊరుకోవడమే నాకు రాని పని.

మొదటి ఏడాది మా టీమ్‌లో అయిదుగురు. బాల్సా కర్ర సమస్య ఎంచుకున్నారు. బాల్సా అంటే చేతిలో పెట్టుకుంటే బరువే తెలియని కర్ర. అంగుళంలో ఎనిమిదో వంతు మందం పుల్లలు, జిగురు, అంతే. వాటితో ఎనిమిది అంగుళాల ఎత్తున చిన్న గోపురం లాంటిది కట్టాలి. మొత్తం బరువు 18 గ్రాములు దాటకూడదు. దాని మీద వ్యాయామశాలల్లో ఉండే ఇనుప బిళ్లలు ఒక్కొక్కటే పేరుస్తారు. బాగా కడితే వందల పౌండ్లు మోస్తుంది. బిళ్లలు పేర్చేచోట మధ్యలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది. గోపురాన్ని దానికి తొడగాలి, అంటే మధ్యలో ఖాళీ వదలాలి.

మా వాళ్లు ఖాళీ వదల్లేదు.

రెండో వారంలోనే చూశాను. అడ్డపుల్లలు సరిగ్గా మధ్యలోంచి, గుణకారం గుర్తులా, ఎంతో అందంగా అతికించారు. మధ్యలో ఖాళీ ఎంతుండాలో సమస్య కాగితంలో కొలతతో సహా రాసి ఉంది. నా ప్రాణం విలవిల్లాడింది. "ఒరేయ్, అక్కడ చూసుకోండి" అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముకున్నాను. తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. మా టీమ్‌లో ఇంకో అమ్మాయి వాళ్ల అమ్మ, "వదినా, ఒక్క మాట చెబితే ఏమవుతుంది, పాపం వారాల కష్టం" అంది. ఆమె అన్నదీ నిజమే. చెప్పలేదు.

మూడు వారాలు పోయాయి. మొత్తం నాలుగు గోపురాలు కట్టారు, నాలుగూ అలాగే. ఒక శనివారం అందరికంటే చిన్నది, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, సమస్య కాగితం ముందు పెట్టుకుని స్కేలుతో ఏదో కొలుస్తోంది. లేచి వచ్చి గోపురాన్ని పైనుంచి చూసింది. "ఇది ఎక్కదు" అంది. ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ అంది. మా అబ్బాయి విసుక్కున్నాడు. అప్పుడా పిల్ల ఊరుకోకుండా అట్టగొట్టం ఒకటి తెచ్చి, గోపురం మీద నిలబెట్టి చూపించింది. గదంతా నిశ్శబ్దం. మా వాడు కాసేపు అలిగి మెట్ల మీద కూర్చున్నాడు. పావుగంటకి వాడే లేచి వెళ్లి, "నువ్వు కాగితం చదివి చెప్పు, నేను గీస్తాను" అన్నాడు.

ఆ మాట వాడితో అనిపించడానికి ఇంట్లో నేను ఎన్ని పాఠాలు చెప్పి ఉంటానో! ఆరోజు నేను నోరు తెరిచి ఉంటే ఆ పిల్ల స్కేలు తీసేదే కాదు.

మార్చిలో పోటీ. వాళ్ల గోపురం నూటయాభై పౌండ్లు దాటాక టక్‌మని విరిగింది. మిగతా టీమ్‌లవి అంతకు ఎన్నో రెట్లు మోశాయి. బహుమతి రాలేదు. అయినా విరిగిన పుల్లలన్నీ ఏరి డబ్బాలో పెట్టుకుని, కారులో దారంతా ఏ పుల్ల ముందు విరిగిందో వాదించుకున్నారు.

అప్పటికప్పుడు ఇచ్చే సమస్య సంగతి చెప్పాలి. మన అష్టావధానం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అందులో దత్తపది అనే అంశంలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, పదాలిస్తాడు, అవధాని అక్కడికక్కడే పద్యం కట్టాలి. అక్కడ ఎనిమిది మంది అడిగితే ఒక్కరు జవాబిస్తారు. ఇక్కడ ఒక్క ప్రశ్నకి టీమ్ మొత్తం వరసగా జవాబులివ్వాలి. అందరికీ తట్టే జవాబుకి తక్కువ, ఎవరికీ తట్టని జవాబుకి ఎక్కువ పాయింట్లు. ఒక్కోసారి మాటలుండవు. సేమ్యా లాంటి పుల్లలు, కాగితం, అతికించే లేబుళ్లు ఇచ్చి ఏదో ఒకటి కట్టమంటారు. మేము వారానికోసారి వంటగది బల్ల మీద ఇది ఆడుకునేవాళ్లం. ఎవరి వంతు రాగానే వాళ్లకి టెన్షన్ మొదలయ్యేది. నెల తిరిగేసరికి పక్కవాళ్ల జవాబు పట్టుకుని దాని మీద ఇంకోటి అల్లడం అలవాటైంది.

పోటీ రోజున ఆ గదిలోకి పిల్లలే వెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. వచ్చాక "ఏమడిగారు?" అన్నాను. "చెప్పకూడదమ్మా" అన్నాడు. నిజమే, ప్రపంచ స్థాయి ఫైనల్స్ అయ్యేదాకా ఆ సమస్య బయట చెప్పకూడదన్నది నియమం. అవి మే నెలాఖర్లో జరుగుతాయి. వాడి రోజులో నాకు తెలియని నిమిషం అంటూ ఉండేది కాదు. ఆ పది నిమిషాలు మాత్రం రెండు నెలలపైన వాడి దగ్గరే ఉండిపోయాయి.

జూన్‌లో ఒక సాయంత్రం కూరగాయలు తేవడానికి వెళ్తుంటే కారులో వాడే చెప్పాడు. గొడుగుని ఇంకేమని పిలవొచ్చో చెప్పమన్నారట. నువ్వేం చెప్పావురా అని అడిగాను.

"మడతపెట్టిన నీడ అన్నానమ్మా" అన్నాడు.