ఎక్స్ ఫైల్స్ మొదటి సీజన్ ఫినాలే రివ్యూ: ఆకుపచ్చ రక్తం ఉన్న పేషెంట్

నమస్తే ఫ్రెండ్స్! ఈరోజు, అంతుచిక్కని కేసులు పరిశోధించే ఎఫ్‌బీఐ ఏజెంట్లు మల్డర్, స్కల్లీల సీరియల్ 'ది ఎక్స్ ఫైల్స్' మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్, 'ది ఎర్లెన్‌మేయర్ ఫ్లాస్క్'. అమెరికాలో 1994 మే 13న ఫాక్స్ ఛానల్లో వచ్చింది. కథంతా చెప్పేస్తాను, చూడనివాళ్లు ముందు చూసి రండి.

పోలీసులు ఒకతన్ని తరుముతుంటారు. తుపాకీ దెబ్బ తిని నీళ్లలోకి దూకేస్తాడు. పైకి రాడు. రేవు మీద పడిన రక్తం మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది.

అతని పేరు డాక్టర్ సెకేర్. క్యాన్సర్‌తో చివరి రోజుల్లో ఉంటే, గ్రహాంతర వైరస్‌తో చేసిన జీన్ థెరపీ (జన్యువుల్ని మార్చి చేసే వైద్యం) బతికించింది. నీటి అడుగున కూడా ఊపిరి పీల్చగలడు. నిజానికి జీన్ థెరపీ అప్పటికి చాలా కొత్త. 1990లోనే అమెరికాలో ఒక నాలుగేళ్ల పాపకి, అనుమతి తీసుకుని, మొదటిసారి చేశారు. అంత ఆశ రేపిన వైద్యాన్నే కథకి ఆధారం చేసుకున్నారు.

అంబులెన్స్ సీన్ చూసి నాకు కడుపులో దేవినట్టయింది. ఊపిరి అందక పడిపోయిన సెకేర్ ఛాతీలో సూది గుచ్చగానే విషవాయువు బయటికి తన్నుకొస్తుంది. కాపాడదామని వచ్చినవాళ్లే కుప్పకూలిపోతారు. చూడండి, ఎవరైనా జాలిపడి చెయ్యి వేద్దామన్నా వేయలేని శరీరం అది! ఇక ఆ ప్రయోగం వెనకున్న పెద్దలకి అతను పేషెంట్ కాదు, మాయం చేయాల్సిన సాక్ష్యం. వైద్యం చేసిన డాక్టర్‌ని కూడా చంపేసి ఆత్మహత్యలా చూపిస్తారు.

నాకు బాగా నచ్చింది ల్యాబ్ సీన్. మన డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు. ఫ్లాస్క్‌లో దొరికిన బ్యాక్టీరియాలో ఇంకో రెండు ఉన్నాయని స్కల్లీకి తెలుస్తుంది. ఇలాంటిది భూమ్మీద ఎక్కడా లేదు. సీజనంతా సైన్స్ పట్టుకుని మల్డర్‌తో వాదించిన స్కల్లీ, ఇప్పుడు ఏం నమ్మాలో తెలియడం లేదంటుంది. స్కల్లీగా నటించిన జిలియన్ ఆండర్సన్ ఆ మాట ఎంత మెల్లగా చెబుతుందో! ఈ ఎపిసోడ్‌కి ఆన్ సైమన్ అనే వైరాలజిస్ట్ సలహాలిచ్చారు, ఆ శ్రద్ధ ఇక్కడ తెలిసిపోతుంది. ఇంకో విషయం, 2014 మే నెలలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధనా సంస్థవాళ్లు నిజంగానే ఈ-కోలై బ్యాక్టీరియా డీఎన్ఏలో రెండు కృత్రిమ అక్షరాలు చేర్చి చూపించారు. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

నాకున్న కంప్లైంట్ ఒక్కటే. సెకేర్‌తో సరిగ్గా మాట్లాడించనే లేదు. అతనికి ఇల్లూ వాకిలీ ఉన్నాయా, బతికినందుకు సంతోషపడ్డాడా, ఏమీ చెప్పరు. మల్డర్‌ కళ్ల ముందే కాల్చేస్తారు, మల్డర్‌ని పట్టుకుపోతారు, కథ అక్కడినుంచి అతన్ని విడిపించడం మీదికి వెళ్లిపోతుంది. మల్డర్‌కి రహస్యాలు అందించే డీప్ త్రోట్ చనిపోయే సీన్ బాగా తీశారు, కాదనను. కానీ నేను సెకేర్ దగ్గరే ఆగిపోయాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పైలట్ (మొట్టమొదటి ఎపిసోడ్) చూసి, ఆ తర్వాతే ఇది చూడండి. రెండిటి ముగింపూ పెంటగాన్ గిడ్డంగిలోనే, సిగరెట్ కాల్చే ఆ మనిషితోనే. పైలట్ చూడకపోతే ఆ సీన్ పట్టుకోలేరు.