కల్చర్‌లో ఏమీ పెరగలేదంటే?

అందరికీ నమస్కారం. ముందు పేరు సంగతి. మన పత్రికలు జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నీ మెనింజైటిస్‌నీ కలిపి ‘మెదడువాపు’ అనేస్తాయి. మొదటిది మెదడుకే వచ్చే వాపు. మనం మాట్లాడుకోబోయేది రెండోది, మెదడు పొరలకు వచ్చే మెనింజైటిస్, అదీ బాక్టీరియా వల్ల వచ్చేది.

మన దేశంలో కారణమయ్యే బాక్టీరియా వయసును బట్టి మారుతుంది. నెల లోపు పసికందుల్లో క్లెబ్సియెల్లా, ఈ.కోలై, అసినెటోబాక్టర్, ఇవి చాలాసార్లు వార్డులోనే అంటుకుంటాయి. నెల దాటాక అయిదేళ్ల దాకా హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే టైప్ బి), న్యూమోకాకస్. పెద్దల్లో న్యూమోకాకస్‌తో పాటు క్షయ. క్షయది నిదానపు నడక. వారాల తరబడి జ్వరం, తలనొప్పి ఉంటే టైఫాయిడ్ అనుకుంటూ మందులు మార్చుతూ పోతారు. మెనింగోకాకస్ మాత్రం ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది: ఢిల్లీలో 1966, 1985, 2005 సంవత్సరాల్లో అలాగే వచ్చింది.

హిబ్ టీకా 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో పెంటావాలెంట్ అనే అయిదు జబ్బుల టీకాలో భాగంగా మొదలై దేశమంతా విస్తరించింది. న్యూమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021కల్లా అంతటా వచ్చింది: 6, 14 వారాలకు, తొమ్మిదో నెలలో. మరి జబ్బు ఎంత తగ్గింది? అది చెప్పాలంటే అంతకుముందు ఎంత ఉండేదో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఏ బాక్టీరియానో తేలాలంటే వెన్నులోని నీళ్లు తీసి కల్చర్ చేయాలి, అంటే అందులోని బాక్టీరియాను ల్యాబులో పెంచి చూడాలి. కానీ నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయని బంధువులు ఒప్పుకోరు. పెద్దల్లో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. సూది దిగేది మూడు, నాలుగు పూసల నడుమ. ఈ బొమ్మ కాగితం మీద గీసి చూపిస్తే సగం భయం పోతుంది.

ఒప్పించి తీసినా, ఊళ్లో ఆర్‌ఎంపీ అప్పటికే సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పొడిచి పంపి ఉంటాడు. సూదిమందు పడిన ఒకటి రెండు గంటల్లోనే మెనింగోకాకస్ కల్చర్‌కు దొరక్కుండా పోవచ్చు. అలాగని శాంపిల్ కోసం మందు ఆపకూడదు. నీళ్లు తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీసి, వెంటనే మందు మొదలుపెట్టాలి.

తర్వాతి తప్పు ఫ్రిజ్. సాయంత్రం తీసిన ట్యూబును పొద్దున ల్యాబుకు పంపుదామని చల్లని అరలో పెడతారు. హిబ్, న్యూమోకాకస్, మెనింగోకాకస్ మూడూ చలికి తట్టుకోలేవు. కల్చర్ ట్యూబు గది వేడిమిలోనే ఉండాలి, గంటలో ల్యాబుకు చేరాలి. కణాల లెక్కకూ ఆగే వీలు లేదు: రెండు గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు దాదాపు సగానికి పడిపోతాయి.

ఇక ల్యాబులో. గొర్రె రక్తం దొరక్క, బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తంతో బాక్టీరియా పెంచే ప్లేట్లు పోస్తారు. దాని మీద న్యూమోకాకస్ సరిగా పెరగదు. హిబ్‌కు ఎలాగూ చాక్లెట్ అగార్ (రక్తాన్ని వేడిచేసి కలిపిన ప్లేటు) కావాలి, కార్బన్ డయాక్సైడూ కావాలి. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ఇంక్యుబేటర్ లేకపోతే మూత బిగిసే సీసాలో కొవ్వొత్తి వెలిగించి పెట్టినా సరిపోతుంది. ఇవేవీ లేకుండా ‘నో గ్రోత్’ అని రాస్తే అది రోగి గురించి కాదు, మన ల్యాబు గురించి చెబుతున్నట్టు. ఆ కాగితాలే పోగై దేశం లెక్కవుతాయి.

అందుకే రిక్వెస్ట్ ఫారంలో రెండు సమయాలు తప్పకుండా రాయండి: మొదటి యాంటీబయాటిక్ ఎప్పుడు పడింది, నీళ్లు ఎప్పుడు తీశారు.