విగ్రహం కన్నా ముందు యుద్ధ డైరీ

నమస్కారం. రెజాంగ్ లా పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు. లద్దాఖ్‌లో చుషూల్‌ను కాచే కనుమ అది, పదహారు వేల అడుగులకు పైన. 1962 నవంబర్ 18న అక్కడ మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ, సుమారు 120 మంది జవాన్లు, చైనా దాడిని ఎదుర్కొన్నారు. మధ్యలో కొండ అడ్డం కాబట్టి మన ఫిరంగుల సాయం వాళ్ళకు అందలేదు. చేతిలో ఉన్నవి పాత పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిళ్ళు. వంద మందికి పైగా అక్కడే నేలకొరిగారు.

ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాతి ముక్క దగ్గర ఎవరూ ఆగరు. బతికి కిందికి దిగిన కొద్దిమంది జరిగింది చెబితే మొదట చాలామంది నమ్మలేదు. 1963 మొదట్లో ఓ గొర్రెల కాపరి ఆ కొండ మీదికి వెళ్ళి చూస్తే మంచులో గడ్డకట్టిన శవాలు కనిపించాయి. కందకాల్లో, ఆయుధాలు చేతుల్లోనే ఉన్నాయి. నర్సింగ్ అసిస్టెంట్ చేతిలో సిరంజి అలాగే ఉంది. అప్పుడు నమ్మారు. అంటే ఆ కంపెనీ పరువు కాపాడింది మంచు! అదే యుద్ధం వేడి మైదానంలో జరిగుంటే ఆ జవాన్ల మాటకు సాక్ష్యం ఏముండేది?

దేశానికి వీరులు కావాలి, వాళ్ళను పిల్లలకు చెప్పాలి అని నమ్మే వాళ్ళ కోసం ఈ వీడియో. వీరగాథలన్నీ ప్రభుత్వ ప్రచారమే అని నవ్వేవాళ్ళతో వాదించడం తేలిక. అసలు చిక్కు మన వైపు ఉంది. విగ్రహానికి చందా అడిగితే ఇస్తాం, ర్యాలీకి వెళ్తాం, రికార్డు, అంటే యూనిట్ రోజూ రాసే యుద్ధ డైరీ లాంటి కాగితం, ఎక్కడుంది అని మాత్రం అడగం.

రికార్డు పట్ల ఈ నిర్లక్ష్యం పాతదే. ఇరాక్‌లోని బస్రా స్మారకం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో చనిపోయిన నలభై వేల మందికి పైగా సైనికుల కోసం కట్టింది. బ్రిటిష్ వాళ్ళకు పేర్లు, భారతీయ అధికారులకు పేర్లు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం ఫలానా రెజిమెంట్, ఇంతమంది అని అంకె. ఇలాంటి స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో తానే ఒక నివేదిక వేసి, ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకమే లేదని ఒప్పుకుంది. అది పరాయి పాలన, సరే. మరి మనం? స్వతంత్ర భారత సైనికుల కోసం జాతీయ యుద్ధ స్మారకం కావాలని సైన్యం 1960లోనే అడిగితే, అది తెరుచుకున్నది 2019 ఫిబ్రవరి 25న. అప్పటికి దాదాపు 26 వేల పేర్లు గ్రానైట్ మీదికి ఎక్కాల్సి వచ్చింది.

అన్నేళ్ళూ మనకు ఉన్నది ఇండియా గేట్. దాని మీద ఉన్నవి 95 వేల మంది స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు అని వాట్సాప్‌లో ఒక సందేశం ఏటా ఆగస్టులో తిరుగుతుంది. తప్పు. అది 1931లో బ్రిటిష్ వాళ్ళు ఆవిష్కరించిన కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధంలో, మూడో ఆఫ్ఘన్ యుద్ధంలో చనిపోయిన సైనికుల స్మారకం. పేర్లు పదమూడు వేల పైచిలుకు. ఈ సందేశం పంపేవాళ్ళలో చాలామందిది మంచి ఉద్దేశమే. కానీ ఇది అబద్ధమని ఒకసారి తేలాక, విన్న కుర్రాడు రెజాంగ్ లాను కూడా అదే గాటన కట్టేస్తాడు.

ఇప్పుడు విశాఖపట్నం వద్దాం. 1971 డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. మన నౌకాదళం చెప్పేది, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకు, అంటే నీటి లోపల పేలే బాంబులకు, మునిగిందని. పాకిస్తాన్ చెప్పేది, లోపల పేలుడు జరిగిందని, లేదా తను పరిచిన మైనే తగిలిందని. వాదన తేల్చాలంటే ఏం కావాలి? ఆ రాత్రి రాజ్‌పుత్ లాగ్ పుస్తకం, ఏ సమయానికి ఏ స్థానంలో ఎన్ని ఛార్జీలు వేశారన్న నమోదు, తర్వాత శిథిలం దగ్గరికి దిగిన ఈతగాళ్ళ నివేదికలు. ఘాజీకి సంబంధించిన కాగితాలు 1980లోనే ధ్వంసం చేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. సైన్యం తూర్పు కమాండ్ 1971 యుద్ధ రికార్డుల సంగతీ అంతేనని అప్పుడే రాశారు. గెలిచిన యుద్ధం కాగితాలను గెలిచినవాళ్ళే చించేసుకోవడం ఎక్కడైనా ఉందా?

దీని పక్కన అల్లూరి సీతారామరాజును పెట్టి చూడండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడింట్లో కలిపి 26 తుపాకులు. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8. ఇంత ఖచ్చితంగా ఎలా తెలుసు? ఏమేం తీసుకెళ్తున్నదీ రాజు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఫైళ్ళను భద్రం చేసింది. శత్రువు కచేరీలో మన వీరుడి లెక్క ఉంది, మన కచేరీలో మన నౌక లెక్క లేదు. రాజుకు లేని మహిమలు అంటగట్టే కథలకన్నా ఆ మూడు రోజుల పట్టీ చాలా పెద్ద విషయం. మూడు స్టేషన్లు, మూడు రోజులు!

యుద్ధ డైరీ అంటే ఏమిటో కూడా చెప్పాలి. ప్రతి యూనిట్ యుద్ధకాలంలో రోజూ రాసే పుస్తకం అది. బ్రిటిష్ ఇండియా సైన్యం కాలం నాటి నమూనాలో గడులు ఇలా ఉండేవి: స్థలం, తేదీ, గంట, జరిగిన సంగతుల సారాంశం, చివర జతపరిచిన కాగితాల వివరం. ఆదేశాలు, చేత్తో గీసిన పటాలు, మృతుల జాబితాలు ఆ జతల్లో ఉంటాయి. పతకం ప్రశంసాపత్రంలో ఒకరి సాహసమే ఉంటుంది. ఆ రోజు మందుగుండు ఎందుకు అయిపోయింది, వైర్‌లెస్ ఎప్పుడు తెగింది, పక్క ప్లటూన్ ఏమైంది, ఇవన్నీ డైరీలోనే దొరుకుతాయి.

ఊళ్ళో స్మారకం కట్టేవాళ్ళు చేసే పొరపాట్లూ రికార్డు చూడకపోవడం వల్లే. అన్నిటికన్నా ఎక్కువ జరిగేది తేదీల తికమక. సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబునే తీసుకుందాం. గల్వాన్‌లో వీరమరణం 2020 జూన్ 15. మహావీర చక్ర ప్రకటన 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంలో. కుటుంబానికి రాష్ట్రపతి అందజేసింది 2021 నవంబర్‌లో. ఈ మూడింట్లో రాయి మీద మొదట చెక్కాల్సింది వీరమరణం తేదీ. పతకం తేదీ వేయాలనుకుంటే అది ఏ తేదీయో విడిగా రాయండి.

తర్వాత యూనిట్. 16 బిహార్ అంటే బిహార్ రెజిమెంట్‌లో 16వ బెటాలియన్. దాన్ని పదహారవ బిహార్ రెజిమెంట్ అని చెక్కేస్తారు. రాష్ట్రీయ రైఫిల్స్‌లో పనిచేస్తూ చనిపోయిన జవాను అయితే ఇంకో చిక్కు. అక్కడికి అన్ని రెజిమెంట్ల నుంచీ డెప్యుటేషన్ మీద వస్తారు, కాబట్టి పత్రికలో వచ్చిన యూనిట్ ఒకటి, రికార్డు ఆఫీసు మాతృ రెజిమెంట్‌ది ఇంకొకటి. రెండూ రాయాలి. పతకాల్లోనూ జాగ్రత్త. ఒక ఆపరేషన్‌లో పాల్గొన్న వాళ్ళందరికీ ఇచ్చే పతకం వేరు, శౌర్య పతకం వేరు. సేనా మెడల్ శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. ఏది అన్నది గెజిట్ చూసి తేల్చుకోవాలి. శౌర్య పతకాల ప్రశంసాపత్రాలు రక్షణ శాఖ గ్యాలంట్రీ అవార్డ్స్ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. మనకు ఇంటిపేరు ముందు, సైన్యం ఫారంలో అది చివర. భర్తీ రోజున గుమాస్తా ఇంగ్లీషులో ఏం రాస్తే అదే ఖాయం. ఆ ఇంగ్లీషు చూసి మళ్ళీ తెలుగులోకి తెస్తే సొంత ఊళ్ళోనే ఆ పేరు ఎవరిదో తెలియకుండా పోతుంది. కుటుంబం పిలిచే పేరు తెలుగులో రాయించండి, కింద సర్వీసు నంబరు వేయండి. నంబరు చివర ఒక అక్షరం ఉంటుంది, దాన్ని వదిలేయకండి. చెక్కేముందు అసలు సైజులో కాగితం నమూనా తీయించి, ఒకరు సర్వీసు కాగితం చదువుతుంటే ఇంకొకరు నమూనాలో అక్షరం అక్షరం సరిచూడాలి. కాగితం కుటుంబం దగ్గర లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు రాయించవచ్చు.

పై స్థాయిలో ఒక మంచి పని జరిగింది. యుద్ధ డైరీల వంటి రికార్డులను మామూలుగా 25 ఏళ్ళలో బయటపెట్టాలి, అంతకన్నా పాతవాటిని నిపుణులు పరిశీలించి జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్‌కు) పంపాలి, యుద్ధం ముగిశాక రెండేళ్ళలో కమిటీ వేసి అయిదేళ్ళలో చరిత్ర రాయించాలి అని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం తెచ్చింది. విధానం బాగుంది. కానీ ఆచరణ అడిగేవాళ్ళను బట్టి ఉంటుంది. దేశభద్రత అన్న మాటను మేం తేలిగ్గా తీసుకోం. గూఢచారి పేరు, సంకేత లిపి, నేటికీ జవాన్లున్న పోస్టు వివరం దాచాల్సిందే. 1962లో మోర్టార్ ఎక్కడ పెట్టామన్నది నేడు ఎవరికి రహస్యం?

అడగాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్రానికి ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనూ కట్టొచ్చు. 20 ఏళ్ళు దాటిన సంఘటనలకు చాలా మినహాయింపులు వర్తించవని 8(3) సెక్షన్ చెబుతుంది, భద్రత మినహాయింపు మాత్రం మిగిలే ఉంటుంది. అందుకే డైరీ నకలు ఇవ్వండి అని మొదటే అడిగితే ఆ కారణంతో తిప్పి పంపడం తేలిక. ముందు ఇది అడగండి: ఫలానా బెటాలియన్, ఫలానా నెల యుద్ధ డైరీ మీ దగ్గర ఉందా? అభిలేఖాగారానికి పంపి ఉంటే ఎప్పుడు పంపారు? ధ్వంసం చేసి ఉంటే ఏ తేదీన, ఏ ఆదేశం మీద? ఒక దరఖాస్తులో ఒక యూనిట్, ఒక నెల చాలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు దాటిన 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయండి.