స్ప్లెండర్ దిగి 390 ఎక్కుతున్నారా? ముందు మీ ఎడమకాలితో మాట్లాడండి

నమస్తే అండీ. ఖమ్మం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. బీటెక్ అయిపోయిందట, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందట, ఇంటర్ నుంచి నాన్నగారి స్ప్లెండరే నడుపుతున్నాడట. "అన్నా, ఇప్పుడు డైరెక్టుగా కేటీఎం డ్యూక్ 390 తీసుకోవచ్చా, లేక మధ్యలో ఒక 200 సీసీ బండి కొని అలవాటు పడాలా?" అని అడిగాడు. ఇదే ప్రశ్న ఇంతకుముందు కూడా చాలామంది అడిగారు, నేను ఒక్క ముక్కలో "పర్లేదు, మెల్లగా నడుపు" అని చెప్పి వదిలేశాను. అది తప్పు సమాధానం. మెల్లగా నడిపితే సరిపోయే విషయం అయితే నేను పెట్రోల్ బంకులో అంతమంది ముందు పడేవాడిని కాదు. ఆ కథ కూడా చెప్తా.

ముందు లెక్క చూద్దాం, తొందరగా. స్ప్లెండర్ ప్లస్ 97.2 సీసీ, దాదాపు 8 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) పవర్, బరువు 112 కిలోలు. 2023లో వచ్చిన డ్యూక్ 390కి 399 సీసీ, 46 పీఎస్, బరువు 168 కిలోలు. అంటే బరువు ఒకటిన్నర రెట్లు పెరిగింది, పవర్ మాత్రం ఆరు రెట్లకు దగ్గరగా పెరిగింది. మీరు డెబ్బై కిలోల మనిషి అనుకుని కలిపి లెక్కేసినా కిలోకి వచ్చే పవర్ నాలుగు రెట్లు దాటుతుంది. స్ప్లెండర్ మీద ఫుల్లుగా మెలిపెట్టినా బండి "వస్తున్నా ఆగు" అంటుంది. ఇది అలా అనదు.

ఇంకో తమాషా చూడండి. యూరప్‌లో చాలాచోట్ల పదహారేళ్లకి ఏ1 అని 125 సీసీ లైసెన్స్ ఇస్తారు, తర్వాత ఏ2, దానికి 35 కిలోవాట్లు, అంటే మన లెక్కలో దాదాపు 48 పీఎస్ పరిమితి, అది దాటాలంటే రెండేళ్లు ఆగి మళ్లీ పరీక్షో శిక్షణో. డ్యూక్ 390 ఆ ఏ2 పరిమితి లోపల సరిగ్గా సరిపోతుంది. అంటే అక్కడ అది రెండో మెట్టు బండి. మనకి మెట్లే లేవు. ఆర్టీవో ఆఫీసులో పక్కింటి వాళ్ల బండి అడిగి తీసుకెళ్లి ఎనిమిది కొడితే గేర్ బండి లైసెన్స్ వచ్చేస్తుంది, దాంతో స్ప్లెండరూ నడపొచ్చు, 1340 సీసీ హయబూసా కూడా నడపొచ్చు. ప్రభుత్వం పెట్టని మెట్టు మనమే పెట్టుకోవాలి, అంతే.

సరే, అసలు విషయానికి వద్దాం. ఎడమకాలు.

స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకే కదా. వేళ్లతో కిందికి నొక్కితే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తగ్గించాలంటే మడమతో వెనక నొక్కుతాం, సిగ్నల్ వస్తే టక్ టక్ టక్ అని న్యూట్రల్‌కి వచ్చేస్తాం. ఆరేడేళ్లు ఇలా నడిపితే అది మెదడులో ఉండదండీ, కాల్లోనే ఉంటుంది. 390లో, ఆ మాటకొస్తే పల్సర్ నుంచి పైకి చాలా బండ్లలో, ఒకటో గేరు మాత్రమే కిందికి, మిగతావన్నీ పాదం లివర్ కింద పెట్టి పైకి లేపాలి. 390లో మడమ లివర్ అసలు ఉండదు. చెప్తే "ఇంతేనా" అనిపిస్తుంది.

నేను 390 తెచ్చుకున్న నాలుగో రోజు. మొదటి మూడు రోజులు చాలా జాగ్రత్తగా, ప్రతి గేరుకీ మనసులో అనుకుంటూ నడిపాను కాబట్టి ఏం కాలేదు. నాలుగో రోజు అలవాటైపోయిందన్న ధీమా వచ్చింది, అదే అసలు ప్రమాదం. ఉప్పల్ నుంచి నాగోల్ వైపు వస్తున్నా, మూడో గేరులో యాభై మీద ఉన్నా, పక్కన ఆటో హారన్ కొట్టాడు, ముందుకెళ్లిపోదాం అని నాలుగో గేరు కోసం కాలు కిందికి నొక్కేసింది. నేను నొక్కలేదు, కాలే నొక్కింది. పడింది రెండో గేరు. క్లచ్ వదలగానే ఇంజన్ ఒక్కసారిగా అరిచింది, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు బండి ఆగబోయింది, వెనక చక్రం కీచుమంది. ఆ ఆటో నా మోచేతికి జానెడు దూరంలో పోయాడు, పోతూ ఒక మాట అన్నాడు, అది ఇక్కడ చెప్పలేను. స్లిప్పర్ క్లచ్ (గేరు ఒక్కసారిగా తగ్గినా వెనక చక్రం బిగుసుకుపోకుండా కాపాడేది) ఉండబట్టి సరిపోయింది గానీ, అదే వర్షంలో అయితే, అదే వంపులో అయితే? తప్పు బండిది కాదు, పూర్తిగా నాదే.

దీనికి మందు ఏంటంటే, సిగ్గుపడకుండా మొదటి రెండు వారాలు పొద్దున్నే ఐదు, ఐదున్నరకి ఖాళీ రోడ్డు మీదికి వెళ్లి గేర్లు పైకీ కిందికీ వేస్తూ ఉండటమే. వంద సార్లు, రెండొందల సార్లు. పక్కన వాకింగ్ చేసే పెద్దాయన "ఏంటి బాబూ, బండి పాడైందా" అని అడిగినా సరే.

రెండోది బ్రేకు. మనందరికీ ఇంట్లో పెద్దవాళ్లు ఒక పాఠం నేర్పారు: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు." సైకిల్ దగ్గర నుంచి ఇదే పాఠం. స్ప్లెండర్‌లో డ్రమ్ బ్రేకు, మనం వెళ్లేది నలభై, యాభై, కాలి బ్రేకు తొక్కితే ఆగేది, పాఠం నిజమే అనిపించేది. పైగా 2019 నుంచి 125 సీసీ వరకూ బండ్లకి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) లేకపోతే కాంబీ బ్రేకు తప్పనిసరి అయ్యాక, కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికి కూడా కొంత పడుతుంది, అంటే మన తప్పుని బండే సర్దుతోంది. పెద్ద బండిలో సర్దేవాళ్లు ఎవరూ లేరు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది, తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేస్తే మాత్రం ఏం లాభం? ఆపే పని చాలావరకు ముందు డిస్కుదే.

కాకపోతే ఠక్కున పట్టి లాగకూడదు. ముందు కొద్దిగా నొక్కాలి, ఫోర్కులు (ముందు చక్రం షాకులు) కిందికి దిగుతాయి, టైరు రోడ్డుకి అదుముకుంటుంది, అప్పుడు గట్టిగా పిండాలి. నిమ్మకాయ పిండినట్టు అనుకోండి, మొదటి నొక్కుకే రసం రాదు. ఏబీఎస్ పని చేసేటప్పుడు లివర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది, ఏదో విరిగిపోతోంది అనుకుని చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. ఇది నిజంగా అవసరం పడిన రోజు మొదటిసారి తెలుసుకునే విషయం కాదు. ఖాళీ గ్రౌండులో ముప్పైలో, తర్వాత నలభైలో, కావాలని ఏబీఎస్ పనిచేసేదాకా బ్రేకు వేసి చూడండి. సూపర్‌మోటో మోడ్ అని ఒకటుంది, వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేస్తుంది, మెనూలో కనపడింది కదా అని దాని జోలికి మాత్రం పోకండి.

మూడోది కుడిచెయ్యి. గుంత వచ్చింది అనుకోండి, ఒళ్లు ఒకసారి ఎగురుతుంది, చెయ్యి యాక్సిలరేటర్‌ని పట్టుకునే ఉంది కాబట్టి ఒక పావు వంతు తిరిగిపోతుంది. స్ప్లెండర్‌కి అది లెక్కే కాదు. 390లో బండి ముందుకు దూకుతుంది, దూకితే మనిషి వెనక్కి వాలతాడు, వాలితే చెయ్యి ఇంకా తిరుగుతుంది. ఈ లూపులో పడితే తేరుకునే టైం ఉండదు. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టుకుంటే చేతుల మీద బరువు పడదు, మణికట్టు కొంచెం కిందికి ఉంచితే చెయ్యి దానంతట అది తిరగదు. ఇంతే కిటుకు, కానీ స్ప్లెండర్ మీద సోఫాలో కూర్చున్నట్టు కూర్చున్నవాళ్లకి మోకాళ్లతో పట్టుకోవడం అనే పని ఒకటుందనే తెలీదు. నాకు తెలీదు.

అన్నిటికంటే మోసం చేసేది మాత్రం స్పీడు. స్ప్లెండర్ డెబ్బై దాటితే అద్దాలు వణుకుతాయి, హ్యాండిల్ జివ్వుమంటుంది, "చాలు నాయనా" అని బండే చెప్తుంది. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక నేను హాయిగా పాట పాడుకుంటూ మీటర్ చూస్తే 104 ఉంది. నాకు అరవైలా ఉంది. అరవైలో ఒక సెకనుకి 16 మీటర్ల పైచిలుకు పోతాం, వందలో దాదాపు 28. అంటే గేదెని చూసి "అరె" అనుకునే లోపు రెండు ఆర్టీసీ బస్సుల పొడవు దాటిపోయాం, ఇంకా బ్రేకు మీద వేలు కూడా పడలేదు. పడ్డాక ఆగడానికి పట్టే దూరం స్పీడు వర్గంతో పెరుగుతుంది, అరవై నుంచి వందకి వెళ్తే దాదాపు మూడింతలు. కోతల సీజన్లో మన జిల్లాల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అంచుల్లో రాళ్లు పెడతారు, రాత్రిపూట మీద నల్ల పట్టా కప్పుతారు. అది హెడ్‌లైట్‌లో కనపడేసరికే ఆలస్యం. నా రూల్ ఒకటే, మొదటి రెండు నెలలు రాత్రి హైవే లేదు. ఇక హైదరాబాద్ ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద టాప్ స్పీడ్ చూస్తా అనే తమ్ముళ్లకి, దాని మీదికి టూవీలర్లని రానివ్వరు, ఆ ఆశ వదులుకోండి.

ఇప్పుడు బంకు కథ. సున్నా స్పీడులో పడ్డాను. సీటు స్ప్లెండర్ కంటే ఎత్తు, పెట్రోల్ కొట్టించుకుని నవ్వుకుంటూ బండి తిప్పుతున్నా, ఎడమకాలు పెట్టిన చోట ఇసుకా, ఒలికిన ఆయిలూ ఉంది. కాలు జారింది. స్ప్లెండర్ అయితే తొడతో ఆపేసేవాడిని, ఎన్నిసార్లు ఆపలేదు! ఇది ఒక పాయింటు దాటి ఒరిగిందంటే ఇక మనది కాదు, నేను దాన్ని పట్టుకోలేదు, దాంతోపాటు వెళ్లి పడుకున్నాను. క్లచ్ లివర్ విరిగింది, పరువు పోయింది. బంకు కుర్రాడు వచ్చి లేపుతూ "కొత్త బండా అన్నా" అన్నాడు. ఇంజన్ ఆపి బండిని చేత్తో తోసుకుంటూ ఎడమకీ కుడికీ తిప్పడం కూడా ప్రాక్టీసేనండీ, ఎవరూ చెప్పరు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఈఎంఐ ఒక్కటే లెక్కేయకండి. 2022లో సవరించిన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం 75 నుంచి 150 సీసీకి 3,851 రూపాయలు, 350 దాటితే 15,117, పన్ను అదనం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40. టైర్లు వెడల్పు రేడియల్స్, వెనక టైరు ధర విన్నప్పుడు నిలబడి ఉంటే పక్కన ఏదైనా పట్టుకోండి. స్ప్లెండర్‌లో చైన్ కవర్ లోపల ఉంటుంది కాబట్టి దాన్ని మర్చిపోయి బతికాం, ఇక్కడ బయటే ఉంటుంది, ఐదారు వందల కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ కొట్టాలి. ఇవన్నీ పోను హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, చీలమండ దాటే షూస్‌కి డబ్బు మిగలకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి. చెప్పులతో 390 నడిపేవాడిని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

మరి తమ్ముడూ, నీ ప్రశ్న. మధ్యలో 200 కొనాలా? కొని, ఏడాదికి నష్టానికి అమ్మి, మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ ఇన్సూరెన్సు... నేనైతే కొనను. కానీ పల్సర్ ఉన్న స్నేహితుడు ఎవడో ఒకడు ఉంటాడుగా, వాడి కాళ్లు పట్టుకుని ఒక నెల బండి మార్చుకో, నీ స్ప్లెండర్ మైలేజీ చూసి వాడూ సంతోషిస్తాడు. గేరు పైకి లేపడం, ముందు డిస్కు పిండటం ఆ నెలలో ఒంటికి పడితే 390కి వెళ్లిపో. ఎవరో చెప్పారని నేరుగా 650కి మాత్రం వెళ్లకు, చాలావాటికి రెండొందల కిలోల పైన బరువు, బంకులో నేను పడ్డది గుర్తు తెచ్చుకో.

ఇంకొకటి, స్ప్లెండర్ అమ్మకు. షోరూం వాళ్లు ఎక్స్‌చేంజ్ అంటారు, ఆశపడకు. కొత్త బండి వెనక సీటు చూసి మా అమ్మ "ఇది సీటా, పీటా" అంది, చీర కట్టుకుని దాని మీద ఒక్కసారి కూర్చుని సందు చివర దిగిపోయింది. గ్యాస్ బండ, బియ్యం బస్తా, నాన్నని రైతుబజారుకి దింపడం, ఇవేవీ 46 పీఎస్‌తో అయ్యే పనులు కావు. నాకు ఇప్పుడు రెండూ ఉన్నాయి, ఒక చిక్కేంటంటే రెండూ ఒకే రోజు నడిపితే ఎడమకాలు ఇప్పటికీ తికమక పడుతుంది. బండి ఎక్కగానే స్టాండు తీయకముందే ఒకసారి కిందికి చూసుకుంటా, మడమ లివర్ ఉందా లేదా అని.

ఉంటానండీ, లోపల్నుంచి పాలు తెమ్మంటున్నారు. స్ప్లెండర్ తాళం ఎక్కడ పెట్టానో.