ఆచారం పేరిట ఆడపిల్ల దేహం

శ్రోతలకు నమస్కారం. వైద్య అవసరమేదీ లేకుండా ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం గురించి ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అదెక్కడో ఆఫ్రికా సంగతి కదా అని చెన్నైలోని మన తెలుగువారు కూడా తేలిగ్గా అనేస్తుంటారు. యునిసెఫ్ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం, ఈ కోతకు గురైన స్త్రీలు, బాలికలు ప్రపంచంలో 23 కోట్లకు పైగా ఉండగా, వారిలో సుమారు 8 కోట్ల మంది ఆసియావారే. మన దేశంలో ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా కుటుంబాలలో ఏడేళ్ల వయసు పిల్లలకు ఖత్నా పేరుతో ఇది జరుగుతోంది. ఐస్‌క్రీమ్ కొనిపెడతామని చెప్పి ఇంట్లోని పెద్దవాళ్లే తీసుకువెళ్లారని, కాళ్లు కదలకుండా పట్టుకున్నదీ అయినవాళ్లేనని, ఆ సమాజపు స్త్రీలే పెద్దయ్యాక ధైర్యంగా బయటపెట్టారు. ఎదిరించిన గొంతులు ఆ ఇళ్లలోనివే కనుక, దీన్ని సాకుగా చేసుకుని ఒక మతాన్ని దూషించడం వారికే ద్రోహం. ఆఫ్రికాలో క్రైస్తవ కుటుంబాలలోనూ ఈ ఆచారం ఉందన్నది మరువరాదు.

కన్నతల్లి ఇందుకెలా ఒప్పుకుంటుంది? పిల్లకు మంచి సంబంధం రాదేమో, నలుగురూ వెలివేస్తారేమో అన్న భయమే ఆమె చేత ఒప్పిస్తుంది. ఆ నలుగురూ మారనిదే ఒక్క తల్లి మారడం కష్టం. సెనెగల్‌లోని మలికుండా బంబారా గ్రామ స్త్రీలు 1997లో ఈ ఆచారాన్ని మానేస్తున్నామని బహిరంగంగా ప్రకటించినప్పుడు, ఇరుగుపొరుగు ఊళ్ల నుంచి నిందలు తప్పలేదు. అప్పుడు దెంబా దియావారా అనే ఇమాం, తమతో వియ్యమందే ఊళ్లన్నీ కాలినడకన తిరిగి అందరితో మాట్లాడగా, మరుసటి ఏడాది 13 గ్రామాలు కలిసి అదే ప్రకటన చేశాయి.

అంటే చట్టం అక్కరలేదని కాదు. మన తెలుగు జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, వైద్యురాలు, సంఘ సంస్కర్త ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ సమర్పణను ఎదిరించినప్పుడు సంప్రదాయమనే మాటే అడ్డువచ్చింది. అయినా 1947లో నిషేధ చట్టం వచ్చింది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛనిస్తూనే, అది ప్రజారోగ్యానికీ నైతికతకూ లోబడి ఉండాలంటుంది. ఖత్నాపై దాఖలైన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అప్పటికే ఉన్న చట్టాల కింద కూడా ఇది నేరమేనని అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ ఆ విచారణలో చెప్పారు.

ఆసుపత్రిలో, మత్తు ఇచ్చి, శుభ్రంగా చేయిస్తే తప్పేమిటని అడిగేవారూ ఉన్నారు. ఏ వైద్యుడూ దీనికి చేయి వేయరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి. నొప్పి తగ్గినంత మాత్రాన, ఏడేళ్ల పిల్ల తరఫున ఇతరులు తీసుకున్న నిర్ణయం ఆమెది అయిపోదు. ఏ బాలికకైనా ఇటువంటి ప్రమాదం ఉందని తెలిస్తే, పిల్లల సహాయవాణి 1098 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు.