జిరాక్స్ షాపులో మనం వదిలేసి వస్తున్నవి

అందరికీ నమస్తే. మొన్న హనుమకొండ నయీంనగర్‌లో మా దోస్తు జిరాక్స్ షాపులో ఒక పూట కూర్చున్నాను. అడ్మిషన్ల టైం కదా, షాపులో కాలు పెట్టే సందు లేదు. వచ్చిన ప్రతి ఒక్కరూ గోడ మీద నంబరు చూసి వాట్సాప్‌లో ఫైల్ పంపుతున్నారు. ఆధార్, టెన్త్ మెమో, ఇన్‌కం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్. ప్రింట్ తీసుకుని, డబ్బులిచ్చి వెళ్లిపోతున్నారు.

రద్దీ తగ్గాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవమన్నాను. మూడేళ్ల ఫైళ్లు అలాగే ఉన్నాయి. అందులో మా గల్లీ వాళ్ల ఆధార్ కార్డులు కూడా కనిపించాయి. నిజంగా భయమేసింది. మా దోస్తు చాలా మంచివాడు. వాటిని తీసేయాలని దాదాపు ఎవరూ అడగలేదు, వాడికీ తట్టలేదు.

ఫోన్ మన మాటలు వింటుందా అని నన్ను చాలామంది అడుగుతారు. అడగాల్సిందే. కానీ మన చేత్తో మనమే పంపిన కాగితాల సంగతి ఎవరూ అడగరు. వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారు. దాని అర్థం మెసేజ్‌ను తొవ్వలో ఎవరూ చదవలేరని. అవతలి కొసన ఉన్నది షాపు కంప్యూటర్ అయితే, అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ ఫైల్ తెరుచుకుంటుంది. తర్వాత మీరు డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టినా, అప్పటికే డౌన్‌లోడ్ అయిన కాపీ పోదు.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందని ధైర్యపడకండి. పేరులో మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే. పైగా ప్రింట్ కోసం దాన్ని కూడా మనమే మెసేజ్ పెడతాం.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక హెచ్చరిక ఇచ్చింది. కాపీలు అందరికీ ఇవ్వొద్దు, నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేస్తే పూర్తిగా తీసేసి రండి అని. జనం తప్పుగా అర్థం చేసుకుంటారంటూ రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో వెనక్కి తీసుకోకుండా ఊరూరా చాటింపు వేయాల్సిన మాట అది. ఎందుకంటే 2018లో మన పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక సిమ్ కార్డుల షాపు ఆయన రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఆన్‌లైన్‌లో దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పొలం అమ్మినవాళ్లకు, కొన్నవాళ్లకు ఆ సంగతే తెలియదు.

మా దోస్తుకు రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకదాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్ మీదే నడుస్తోంది. నాకు అందులో నచ్చింది గెస్ట్ సెషన్. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేస్తే, కస్టమర్ తన మెయిల్ తనే తెరుచుకుని ప్రింట్ ఇచ్చి లాగౌట్ కాగానే ఆ సెషన్‌లో దించిన ఫైళ్లన్నీ పోతాయి. ఎవరూ గుర్తుపెట్టుకుని తీసేయాల్సిన పని లేదు. వాడి హెచ్‌పీ ప్రింటర్ కూడా దీంట్లో పనిచేసింది. కానీ అన్ని కంపెనీల ప్రింటర్లతో ఇంత తేలిక కాదు, ముందే చూసుకోండి. రెండో కంప్యూటర్‌లో విండోస్ అలాగే ఉంచాం. పెళ్లి పత్రికలు చేసే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు అందులోనే నడుస్తాయి. వాడి బతుకుదెరువు అది, దాన్ని వదలమని నేను చెప్పను.

షాపు మారేదాకా మీరు చేయగలిగింది ఉంది. ఆధార్ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ అని ఉంటుంది, మొదటి 8 అంకెలు కనిపించవు. అవతలివాళ్లు ఒప్పుకునే చోటల్లా అదే ఇవ్వండి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి, అంటే మీ వేలిముద్రలతో ఎవరూ ఆధార్ వాడకుండా తాళం. మీ అమ్మానాన్నల ఫోన్లలో కూడా మీరే కూర్చుని పెట్టండి, వాళ్లకు ఆ మెనూ దొరకదు. అవసరమైనప్పుడు ఆ లాక్ తాత్కాలికంగా తీయొచ్చు. ప్రింట్ చేతికి వచ్చాక ఒక్క నిమిషం ఆగి, "అన్నా, నా ఫైల్ డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి తీసెయ్యవా" అని అడగండి. నేను కూర్చున్న ఆ పూటలో ఒకే ఒక్క అమ్మాయి అలా అడిగింది. మా వాడు వెంటనే తీసేశాడు.